చేపల ట్యాంకుకు ముందు దుప్పటి, తర్వాతే సోలార్ హీటర్

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం. ఇంటి వెనక ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కలు పెంచే పద్ధతి) పెట్టుకున్నాను. 5,000 లీటర్ల టార్పాలిన్ ట్యాంకులో తిలాపియా, కంకర బెడ్లలో పాలకూర, కొత్తిమీర పెంచుతున్నాను. పోయిన పుష్యమాసంలో సాయంత్రం 22 డిగ్రీలున్న నీళ్లు తెల్లారేసరికి 17కు పడిపోయేవి. చేపలు అడుగున పడి ఉండి మేత ముట్టలేదు. కొన్ని ఒంటి మీద దూదిలాంటి తెల్లటి బూజు పట్టి చనిపోయాయి. 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ కొని, ట్యాంకు నీళ్లనే అందులోంచి తిప్పమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. కొనమంటారా?

– ఒక రైతు, ఇంద్రవెల్లి

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఈ లెక్క చూడండి.

5,000 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి కరెంటు లెక్కలో దాదాపు 6 యూనిట్ల వేడి కావాలి. మీ ట్యాంకు రాత్రికి 5 డిగ్రీలు పోగొట్టుకుంటోంది, అంటే 29 యూనిట్లు. 200 లీటర్ల హీటర్ మంచి ఎండ కాసిన రోజున నీళ్లను 20 నుంచి 60 డిగ్రీలకు తెచ్చినా అందులో చేరే వేడి 9 యూనిట్ల పైచిలుకే. మీ ట్యాంకులో అది ఒకటిన్నర డిగ్రీకి సరిపోతుంది. పోయిన వేడంతా తిరిగి తేవాలంటే 600 లీటర్ల ప్లాంటు పెట్టాలి. చిల్లు కుండకు పెద్ద బిందెతో నీళ్లు పోసినట్టుంటుంది.

ఆ చిల్లు ఎక్కువగా నీటి పైభాగంలోనే ఉంది. ఒక లీటరు నీరు ఆవిరైతే మూడింట రెండు వంతుల యూనిట్ వేడిని తనతో పట్టుకుపోతుంది. ట్యాంకు నుంచి 20 లీటర్లు ఆవిరైతే రెండు డిగ్రీలకు పైగా పోయినట్టే. తెల్లవారుజామున నీళ్ల మీద పొగలా లేచేది మీ వేడే.

కాబట్టి మొదటి ఖర్చు మూతకు పెట్టండి. సాయంత్రం 4 గంటలకల్లా నీటి మీద బబుల్ షీటు గానీ థర్మోకోల్ పలకలు గానీ పరిచి, ఎయిర్ స్టోన్ (నీటిలోకి గాలి వదిలే రాయి) బుడగలు పైకొచ్చే చోట మాత్రం ఖాళీ వదలండి. ట్యాంకు చుట్టూ 2 అంగుళాల థర్మోకోల్ కట్టి, పైన టార్పాలిన్ చుట్టండి. థర్మోకోల్ దొరక్కపోతే జొన్న చొప్ప, వరిగడ్డి మందంగా కట్టినా చాలు. కాకపోతే తడవకూడదు, తడిస్తే పనికిరాదు. బెడ్ల మీద వెదురు బద్దలు వంచి రాత్రిపూట పాలిథీన్ కప్పండి. ఎయిర్ పంపు చలిగాలిని లాగకుండా షెడ్డు లోపల పెట్టండి.

చాలామంది పట్టించుకోనిది కంకర బెడ్ల సంగతి. రాత్రంతా నీళ్లు వాటిలోంచి తిరుగుతుంటే ఆ బెడ్లు కారు రేడియేటర్‌లా వేడిని బయటికి వదిలేస్తాయి. చలి రాత్రుల్లో పంపును గంటకు 10 నిమిషాలకు తగ్గించండి. పూర్తిగా ఆపవద్దు, చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను మొక్కల ఎరువుగా మార్చే బాక్టీరియా ఉండేది అక్కడే. ట్యాంకులో గాలి మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఇవన్నీ చేస్తే రాత్రి నష్టం రెండు, రెండున్నర డిగ్రీలకు దిగుతుందని నా అంచనా. ఇక అప్పుడు సూర్యుడి సాయం సరిపోతుంది. దానికీ హీటరే అక్కర్లేదు. 32 ఎం.ఎం. నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు 100 మీటర్లు తీసుకుని, షెడ్డు మీద దక్షిణానికి వాలుగా, 30–35 డిగ్రీల ఏటవాలులో చుట్టలుగా పరవండి. మీ దగ్గర చలికాలంలోనూ పగలు ఎండ బాగానే ఉంటుంది. ఫిల్టర్ దాటి వచ్చిన నీళ్లను చిన్న పంపుతో ఉదయం 10 నుంచి మూడున్నర దాకా అందులో తిప్పితే రోజుకు 7 యూనిట్ల దాకా వేడి, అంటే డిగ్రీకి కాస్త పైన, వస్తుంది. మిగతాది ఎండ వేళ మూత తీసిన ట్యాంకే చాలావరకు తెచ్చుకుంటుంది. పంపుకు టైమర్ తప్పనిసరి. రాత్రి ఆపడం మరిచారంటే ఆ పైపులే ట్యాంకును చల్లబరుస్తాయి. మధ్యాహ్నం కరెంటు పోతే పైపులో నిలిచిన 50 లీటర్ల నీరు కాగిపోతుంది. అది తిరిగి వచ్చేటప్పుడు బెడ్లలో పడితే వేర్లు ఉడుకుతాయి, అందుకే తిరుగు పైపును ట్యాంకులోకే, ఎయిర్ స్టోన్ పక్కన వదలండి.

హీటర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు, కానీ చేపల నీళ్లను అందులోకి పంపవద్దు. గాజు గొట్టాల్లో మడ్డి పేరుకుంటుంది, తిరిగొచ్చే సలసల నీళ్లకు చేప తట్టుకోదు. హీటర్ వేడినీళ్లు వేరుగా, పైపు చుట్టలో తిరిగి మళ్లీ హీటర్‌కే వెళ్లాలి. చుట్ట మాత్రమే ట్యాంకులో మునిగి ఉండాలి. దానికి వేడిని తట్టుకునే పెక్స్ ప్లాస్టిక్ పైపు 20 మీటర్లు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు పైపు గానీ వాడండి. రాగి వద్దు, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) కూడా వద్దు. ఆక్వాపోనిక్స్ నీళ్లు రాను రాను పులుపెక్కుతాయి, అప్పుడు రాగి, జింకు కరిగి చేపకు విషమవుతాయి. వేడి బాగా పాకుతుందని రాగి చుట్ట దించి, వారం తిరక్కుండా చేపపిల్లలన్నీ పోగొట్టుకున్న రైతును నా కళ్లతో చూశాను. ఆ వేడినీళ్లను సాయంత్రమే వదిలేయకుండా తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య తిప్పండి. హీటర్ ట్యాంకులో వేడి దాగినంతగా చేపల ట్యాంకులో దాగదు.

ఎంత వేడి ఉంచాలన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ అసలు విషయం అదే. తిలాపియా బాగా పెరిగేది 27–30 డిగ్రీల్లో. పాలకూర, కొత్తిమీరలకు చల్లదనమే ఇష్టం. డిసెంబరు, జనవరి రెండు నెలలూ 22 డిగ్రీలు నిలబెడితే చాలు, 28 కోసం టెన్షన్ పడొద్దు. మేత పగలు 11 నుంచి 3 లోపే వేయండి. నీళ్లు 20 కంటే తగ్గితే సగానికి తగ్గించండి, 17 దగ్గర మానేయండి. నాలుగు రోజులు పస్తున్నా చేపకు ఏమీ కాదు. తినని మేత మాత్రం అమ్మోనియా అవుతుంది, చలికి బాక్టీరియా కూడా మందగించి ఉంటుంది.

ఆ తెల్ల బూజు చలికి నీరసించిన చేపకు, వల గీతలు పడ్డ చోట పట్టే శిలీంధ్రం. డిసెంబరు, జనవరిలో వల వేయకండి. బూజు పట్టినవాటిని వేరే టబ్బులో లీటరుకు 10 గ్రాముల ఉప్పు కలిపి 10 నిమిషాలు ఉంచి తీయండి, తేలిపోతుంటే ముందే తీసేయండి. ఆ ఉప్పును ట్యాంకులో వేస్తే ఆకుకూరలు మాడతాయి. పొటాషియం పర్మాంగనేట్ వేస్తే బెడ్లలోని బాక్టీరియా పోతుంది.

వచ్చే ఏడాది నుంచి చేపపిల్లల్ని ఫిబ్రవరి చివర్లో, చలి తగ్గాక వేసుకోండి. నవంబరుకల్లా అమ్మకం సైజు చేపలన్నీ తీసేస్తే, చలికి ట్యాంకులో ఆకుకూరలకు ఎరువు అందించేటన్ని చేపలే మిగులుతాయి.