నెల తప్పకముందే కనిపించిన మరకలు: గర్భమా, నెలసరా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్నది ఒకటే సందేహం, "కొంచెంగా కనిపించింది డాక్టర్ గారూ, అదేంటి?" అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, పెళ్లయి ఏడాదిన్నర, పిల్లల కోసం చూస్తున్నాం. నెలసరి 28 రోజులకి ఠంచనుగా వస్తుంది. ఈసారి ఇంకా నాలుగు రోజులు ఉందనగా లేత గులాబీ రంగులో మరకలు కనిపించాయి. ప్యాడ్ అవసరం కూడా పడలేదు, రెండు రోజుల్లో ఆగిపోయింది. మా పెద్దమ్మేమో నెల ముందే వచ్చేసిందిలే అంటోంది, నా ఫ్రెండేమో ఆ రంగు ఉందంటే కచ్చితంగా ప్రెగ్నెన్సీయే అంటోంది. టెస్ట్ ఎప్పుడు చేసుకోవాలి? అత్తగారికి ఇప్పుడే చెప్పాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఇద్దరిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు, కానీ మరకని బట్టి మాత్రం వాళ్లూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. లోపల జరిగేది ఇది: 28 రోజులకి నెలసరి వచ్చేవాళ్లలో దాదాపు 14వ రోజున అండం విడుదలవుతుంది, ట్యూబులోనే వీర్యకణంతో కలుస్తుంది, మెల్లగా గర్భసంచిలోకి దిగి లోపలి పొరకి అతుక్కుంటుంది. ఈ అతుక్కోవడం ఎక్కువమందిలో అండం విడుదలైన 8 నుంచి 10 రోజులకి జరుగుతుంది, కొందరికి కాస్త ముందూ వెనకా. ఆ పొర నిండా సన్నటి రక్తనాళాలు ఉంటాయి కాబట్టి వాటిలో ఒకటో రెండో చిట్లి కొద్దిగా రక్తం కనిపిస్తుందని చాలాకాలంగా అనుకుంటున్న మాట. మీకు కనిపించింది సుమారు 24వ రోజున కాబట్టి లెక్క సరిపోతుంది.

కానీ గర్భం రాని నెలలో కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తగ్గడం మొదలవుతుంది, దానివల్ల కొందరికి నెలసరికి ముందు రెండు మూడు రోజులు ఇలాగే మరకలు పడతాయి. కలయిక తర్వాత గర్భసంచి ముఖద్వారం దగ్గర్నుంచి కొంచెం రక్తం రావచ్చు, అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా రావచ్చు. పైగా గర్భం వచ్చిన ఆడవాళ్లు రోజూ రాసిపెట్టుకున్న వివరాలు తీసుకుని పరిశోధకులు పోల్చి చూస్తే, రక్తం కనిపించిన రోజూ పిండం అతుక్కున్న రోజూ ఒకటే కావడం చాలా అరుదు. గులాబీ రంగైతే గర్భం, ఎరుపైతే నెలసరి, గోధుమ రంగైతే ఇంకోటి అని చెప్పే వీడియోల్ని నమ్మకండి. గోధుమ రంగుకి అర్థం ఆ రక్తం బయటికి రావడానికి టైమ్ పట్టిందని, అంతే. తొలి రోజుల గర్భంలో కనిపిస్తే సాధారణంగా కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో ఉంటుంది, ప్యాడ్ తడవదు, గడ్డలు పడవు. అయితే ఎక్కువమంది గర్భిణులకి అసలు ఏమీ కనిపించదు, కాబట్టి ఇది చదివి "నాకు మరకలు రాలేదు కదా, ఈ నెల కూడా పోయినట్టేనా" అని ఎవరూ బాధపడొద్దు.

తేల్చేది టెస్ట్ ఒక్కటే. స్ట్రిప్ పట్టే హెచ్‌సీజీ హార్మోన్ పిండం అతుక్కున్నాకే రక్తంలోకి వస్తుంది, మూత్రంలో తెలిసేంత పెరగడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మరక కనిపించిన రోజే పరుగెత్తి టెస్ట్ చేసుకుంటే గర్భం ఉన్నా నెగెటివ్ చూపించే అవకాశం ఎక్కువ. నెలసరి రావాల్సిన రోజు దాటనివ్వండి, మర్నాడు పొద్దున్నే తొలి మూత్రంతో చూడండి. ఫలితం ప్యాకెట్ మీద రాసిన టైమ్‌లోనే చదవాలి, మధ్యాహ్నం మళ్లీ తీసి చూస్తే ఎండిపోయిన గీత మోసం చేస్తుంది. ఆ టైమ్‌లో రెండో గీత లేతగా పడినా పాజిటివ్‌గానే తీసుకోండి. నెగెటివ్ వచ్చి, నెలసరీ రాకపోతే వారం ఆగి మళ్లీ చేయండి. కొనడానికి ఇబ్బందైతే ఆశా కార్యకర్తని అడగండి, నిశ్చయ్ అనే కిట్ ప్రభుత్వం తరఫున ఉచితంగా ఇస్తారు. ఉప్పు, సబ్బు, టూత్‌పేస్ట్‌తో చేసే పరీక్షలు ఏమీ చెప్పవు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ మరకలనే నెలసరి అనుకుని డాక్టర్‌కి ఆ తేదీ చెబితే గర్భం వయసు ఏకంగా మూడు నాలుగు వారాలు తక్కువ లెక్కకొస్తుంది, తర్వాత స్కానింగ్‌లో బిడ్డ సైజు తేడాగా ఉందని అందరూ కంగారు పడతారు. అందుకని చివరిసారి మామూలుగా, పూర్తిగా వచ్చిన నెలసరి మొదటి రోజు రాసుకోండి, మరకలు కనిపించిన తేదీ పక్కనే వేరుగా రాసుకోండి, రెండూ చెప్పండి. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు ఇప్పట్నుంచే వేసుకోండి. బిడ్డ వెన్నుపాముకి ఆధారమైన నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది, చాలామందికి అప్పటికి విషయమే తెలీదు. అత్తగారికి ఎప్పుడు చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం, టెస్ట్ అయ్యాక చెప్పినా ఏమీ ఆలస్యం కాదు.

ప్రశ్న: మా గృహప్రవేశం ఉందని నెలసరి వాయిదా వేసే మాత్రలు వేసుకున్నాను. మానేసిన మూడో రోజు కొద్దిగా మాత్రమే అయింది, ఎప్పటిలా రాలేదు. గర్భం వచ్చిందేమోనని అనుమానం.
– నల్గొండ నుంచి ఒక గృహిణి

జవాబు: ఆ మాత్రల్లో ఉండేది నోరెథిస్టిరోన్ అనే హార్మోన్. మానేశాక రెండు మూడు రోజుల్లో రక్తస్రావం మొదలవుతుంది, ఆ నెల కొంచెం తక్కువో ఎక్కువో కావడం మామూలే. అయితే వాయిదా కోసం కొద్దిరోజులు వేసుకునే ఈ మాత్రలు గర్భాన్ని ఆపవు, అది చాలామందికి తెలీదు. మీకు కొద్దిగానే అయింది కాబట్టి ఒకసారి స్ట్రిప్‌తో చూసుకోండి, నెగెటివ్ అయితే మళ్లీ నెల వరకూ ఆగొచ్చు. పూజలకీ పెళ్లిళ్లకీ తిరుపతి ప్రయాణాలకీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడం మనిళ్లలో అలవాటైపోయింది గానీ, ఎప్పుడైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన వాళ్లకి ఇవి ప్రమాదం. ఈసారి వేసుకునే ముందు డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: మా వదినకి నాలుగేళ్ల క్రితం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఈసారి నెల పది రోజులు దాటింది, ఇప్పుడు కొద్దికొద్దిగా మరకలు కనిపిస్తున్నాయి, ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి అంటోంది. ఆపరేషన్ అయ్యాక గర్భం ఎలా వస్తుంది, వేడి చేసింది అంతే అంటోంది. అన్నయ్య నెల రావడానికి ఏదో మాత్ర తెస్తానంటున్నాడు. వేసుకోవచ్చా?
– ఓ ఆడపడుచు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: వద్దు, ఏ మాత్రా వేయకండి, ఆమెని ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మీకు విడిగా జవాబు ముందే పంపాను, ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ల కోసం.

ఆంధ్రలో, తెలంగాణలో కుటుంబ నియంత్రణ అంటే చాలా ఇళ్లలో ఆడవాళ్లకి చేసే ట్యూబుల ఆపరేషనే. అది చాలా నమ్మకమైన పద్ధతి, విఫలం కావడం అరుదు. కానీ ఆ అరుదైన కేసులో గర్భం వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబులోనే నిలిచిపోయే ప్రమాదం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. ట్యూబుకి సాగే గుణం తక్కువ, పిండం పెరిగేకొద్దీ అది చిట్లి కడుపులోపల రక్తం పోతుంది. బయటికి కనిపించేది మాత్రం ఆ నాలుగు మరకలే! అందుకే మోసపోతారు. నెల తప్పడం, కొద్దిగా మరకలు, ఒకవైపు పొత్తికడుపు నొప్పి, ఈ మూడూ కలిస్తే వేడి చేసిందనో గ్యాస్ అనో సర్దిచెప్పుకోవద్దు. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడం, భుజం కొన దగ్గర కారణం లేకుండా నొప్పి రావడం లాంటివి మొదలైతే 108కి ఫోన్ చేసి వెంటనే బయల్దేరాలి. భుజం నొప్పికీ కడుపుకీ సంబంధం ఏంటంటారేమో, లోపల చేరిన రక్తం పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే ఉదర వితానాన్ని తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

ఇక ఆ మాత్ర సంగతి. గర్భం తీసేయడానికి ఇచ్చే మాత్రలు ట్యూబులో ఉన్న గర్భం మీద పనిచేయవు. వేసుకుంటే కింద రక్తం అవుతుంది, "హమ్మయ్య, వచ్చేసింది" అనుకుంటారు, లోపల ట్యూబులో మాత్రం పెరుగుతూనే ఉంటుంది. డాక్టర్ చూడకుండా ఆ మాత్రలు అమ్మడమూ చట్టవిరుద్ధమే. ముందే కనిపెడితే కొందరికి ఇంజెక్షన్‌తోనే నయమవుతుంది, లేదంటే చిన్న ఆపరేషన్, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, కాపర్‌టీ ఉండగా నెల తప్పినవాళ్లు, ఐవీఎఫ్‌తో గర్భం వచ్చినవాళ్లు కూడా ఈ జాగ్రత్తలో ఉండాలి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. టెస్ట్ పాజిటివ్ వచ్చింది, ఆరో వారం నడుస్తోంది. మూడు రోజులుగా గోధుమ రంగు మరకలు, నొప్పేమీ లేదు. ఇక్కడ మొదటి అపాయింట్‌మెంట్ ఎనిమిదో వారానికి ఇచ్చారు. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి మంచం దిగొద్దంటోంది. మొన్న స్నేహితురాలింట్లో నువ్వుల లడ్డూలు, బొప్పాయి ముక్కలు తిన్నాను, దానివల్లేనని ఏడుస్తోంది. నాకూ భయం పట్టుకుంది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్

జవాబు: లడ్డూల వల్ల కాదు. ఇది అమ్మకి కూడా చదివి వినిపించండి. రెండు నువ్వుల లడ్డూలో, నాలుగు పండు బొప్పాయి ముక్కలో నిలిచిన గర్భాన్ని పోగొట్టవు. పచ్చి బొప్పాయి పాల విషయంలో అనుమానాలున్నాయి కాబట్టి పచ్చిది మానేస్తే సరిపోతుంది.

మొదటి మూడు నెలల్లో నలుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది, వాళ్లలో సగానికి పైగా మామూలుగానే నెలలు నిండి బిడ్డని కంటారు. అలాగని ఎనిమిదో వారం దాకా ఊరుకోకండి. క్లినిక్‌కి ఫోన్ చేసి మరకలు కనిపిస్తున్నాయని చెప్పండి, అపాయింట్‌మెంట్ ముందుకు జరపమని గట్టిగా అడగండి. గర్భం గర్భసంచిలోనే ఉందని స్కానింగ్‌లో తేలాలి, ముఖ్యమైన సంగతి అదే. ఆరు ఏడు వారాలకి లోపలి నుంచి చేసే స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపించవచ్చు. కనిపించకపోతే తేదీ లెక్క తేడా అయి ఉండొచ్చు, వారం పది రోజులాగి మళ్లీ చూస్తారు, ఒక్క స్కాన్‌తో కుప్పకూలిపోకండి. రెండు రోజుల తేడాతో హెచ్‌సీజీ రక్తపరీక్ష చేసి పెరుగుదల చూడటం కూడా ఉంటుంది. మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఆ మాట తప్పకుండా చెప్పండి. నెగెటివ్ గ్రూప్ వాళ్లకి ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ ఇంత తొలి వారాల్లో ఇవ్వాలా లేదా అన్నది ఇప్పుడు దేశాన్ని బట్టి, డాక్టర్‌ని బట్టి మారుతోంది. ఇంతకుముందు గర్భస్రావం అయి ఉంటే ప్రొజెస్టిరాన్ అవసరమా అని కూడా అడగండి.

మంచం దిగకుండా పడుకుంటే గర్భం నిలబడుతుందని ఇప్పటిదాకా ఏ పరిశోధనా చూపలేదు. పైగా కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అలసటగా ఉంటే పడుకోండి, ఓపికుంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పని చేసుకోండి, వంట చేసుకోండి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, గడ్డలు, విపరీతమైన నొప్పి, జ్వరం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఒకవేళ, ఇది రాయడం నాకూ కష్టంగానే ఉంది, గర్భం నిలవకపోతే అది మీరు తిన్నదానివల్లో, ఎత్తిన బరువువల్లో, ఆఫీసు పనివల్లో కాదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం, దాన్ని ఎవరూ ఆపలేరు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, 20 ఏళ్లు, పెళ్లి కాలేదు. 72 గంటల మాత్ర వేసుకున్నాను, వారానికి కొద్దిగా రక్తం వచ్చి ఆగింది. గర్భం రానట్టేనా? ఎవరినీ అడగలేకపోతున్నాను.
– పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అడిగి మంచి పని చేశారు. ఆ మాత్ర వల్లే అలా కొద్దిగా రక్తం రావచ్చు, అది నెలసరి కాదు, గర్భం లేదనడానికి గ్యారంటీ కూడా కాదు. నెలసరి ఈసారి వారం ముందో వెనకో రావచ్చు. రావాల్సిన తేదీ దాటి వారమైనా రాకపోతే, లేదా కలయిక జరిగి మూడు వారాలైతే, స్ట్రిప్‌తో చూసుకోండి, అప్పటి ఫలితం నమ్మొచ్చు. పాజిటివ్ వస్తే ఒంటరిగా ఏ మాత్రలూ కొనుక్కోకుండా గైనిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గర్భం వద్దనుకుంటే, 18 నిండినవాళ్లకి తమ ఒక్కరి అంగీకారం చాలు, తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, మీ వివరాలు గోప్యంగా ఉంచాలని గర్భస్రావాలకి సంబంధించిన చట్టంలోనే ఉంది. పెళ్లి కాలేదన్న కారణంతో తేడా చూపకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది.