బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోడిగుడ్లను ధ్వంసం చేయించే అధికారం ప్రభుత్వానికి ఉందా?

ఉంది. జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు పార్లమెంటు 2009లో చేసిన చట్టం, వ్యాధి సోకిన ప్రాంతాన్ని ప్రకటించి రాకపోకలను నిలిపివేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన 2025 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌కు వస్తున్న కోళ్ల వాహనాలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల వద్దే ఆపివేశారు.

జంతువుల వ్యాధులను పరీక్షించే భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలలో వ్యాధి నిర్ధారణ అయితే, కేంద్ర కార్యాచరణ ప్రణాళికను అనుసరించి, ఆ ఫారం చుట్టూ 1 కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపి, గుడ్లనూ మేతనూ కూడా నాశనం చేస్తారు. 10 కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుతారు.

అనుమానం కలిగిన వెంటనే అధికారులకు తెలియజేయడం యజమానికి చట్టం విధించిన బాధ్యత. అందుకే పరిహారం ఆలస్యం కాకూడదని నా దృఢమైన అభిప్రాయం: నష్టపోతామన్న భయమే రైతు చేత వ్యాధిని దాచిపెట్టిస్తుంది. ఆ పరిహారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి.