కంప్యూటర్ పనిచేస్తోంది, కన్సోల్ ఇనాక్టివ్ అంటోంది

ప్రశ్న: మా రొయ్యల ఎగుమతి సంస్థకు భీమవరం, పాలకొల్లు, నరసాపురంలో ఆఫీసులున్నాయి. నరసాపురంలోని కంప్యూటర్లు రోజూ పనిచేస్తున్నా, మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ (కంప్యూటర్లన్నింటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) కన్సోల్‌లో ఇనాక్టివ్ అని కనిపిస్తున్నాయి. ఆ కంప్యూటర్లలో ఉన్న దాని క్లయింట్ ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేయమంటారా?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దండీ, కారణం తేలకుండా తీయకండి. క్లయింట్ మామూలుగా 60 నిమిషాలకోసారి సర్వర్‌ను పాలసీ (ఏం చేయాలో చెప్పే సూచనలు) అడుగుతుంది. 7 రోజులు ఏ కబురూ రాకపోతేనే ఇనాక్టివ్ అవుతుంది.

ఒక్క ఊళ్లోనే అన్నీ పోయాయంటే ముందు అనుమానించాల్సింది నెట్‌వర్క్ దారినే. అక్కడి కంప్యూటర్ నుంచి మేనేజ్‌మెంట్ పాయింట్‌కు (క్లయింట్లు మాట్లాడే సర్వర్‌కు) 80 లేదా 443 పోర్టు (మీ సెట్టింగును బట్టి) అందుతోందో పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో చూడండి. పింగ్ ఒక్కటే చాలదు. తర్వాత విండోస్‌లోని సీసీఎం ఫోల్డర్, లాగ్స్‌లో లొకేషన్‌సర్వీసెస్ లాగ్ (క్లయింట్ ఆ సర్వర్‌ను వెతికిన వివరాలుండే ఫైలు) తెరవండి.

దారి బాగుంటే, ఆ మెషీన్లన్నీ ఒకే ఇమేజ్ (ముందే సిద్ధం చేసిన డిస్క్ నకలు) నుంచి క్లోన్ చేసినవేమో కనుక్కోండి. క్లయింట్‌తో సహా క్లోన్ చేస్తే అన్నింటికీ ఒకే గుర్తింపు సంఖ్య పడి, కన్సోల్‌లో ఒకే రికార్డు పేరు మార్చుకుంటూ ఉంటుంది. అప్పుడు ఎస్ఎంఎస్ ఏజెంట్ హోస్ట్ సర్వీసు ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని ఎస్ఎంఎస్‌సీఎఫ్‌జీ ఫైలునూ, లోకల్ కంప్యూటర్ సర్టిఫికెట్లలో ఎస్ఎంఎస్ కింద ఉన్నవాటినీ తొలగించి సర్వీసు మొదలుపెట్టండి. కొత్త గుర్తింపు వస్తుంది.

ఒకటి రెండు మెషీన్లే మిగిలితే సీసీఎంఈవాల్ (క్లయింట్ సరిగా ఉందో లేదో పరీక్షించే ప్రోగ్రామ్) నడిపి దాని లాగ్ చదవండి. డబ్ల్యూఎంఐ (కంప్యూటర్ నిర్వహణ సమాచారాన్ని అందించే విండోస్ వ్యవస్థ) తప్పు చూపితే విన్‌ఎంజీఎంటీ కమాండ్‌కు వెరిఫై రిపాజిటరీ (తనిఖీ), అవసరమైతే సాల్వేజ్ రిపాజిటరీ (మరమ్మతు) ఇవ్వండి. రీసెట్ రిపాజిటరీ జోలికి మాత్రం తొందరపడి పోవద్దు, ఇతర సాఫ్ట్‌వేర్లు నమోదు చేసుకున్నవి కూడా పోవచ్చు.