మొదట వంటింట్లో కూర్చో

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. పల్లెలో తిండి కొరత తీర్చే పనిలో దిగుతున్నానంటూ "ముందు ఏ పంట వేయించమంటావు మావయ్యా?" అని అడిగావు. ఆ ప్రశ్న కొన్నాళ్ళు పక్కన పెట్టు. నేనూ దానితోనే పనిలోకి దిగి దెబ్బతిన్నాను.

మేం మంచి విత్తనాలు ఇప్పించాం, ఎరువు వేళకి అందేలా చూశాం. రెండేళ్ళలో దిగుబడి బాగా పెరిగింది. నేను పనిచేసే సంస్థ రిపోర్టులో ఫొటోలు కూడా వేసుకుంది. పిల్లల బరువులు మాత్రం ఎక్కడివక్కడే. ఎందుకో తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. కోతలు కాగానే అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడేవారు, గింజలు కళ్ళంలోనే అమ్ముడైపోయేవి. పైగా కలుపు రోజుల్లో తల్లులకి పని రెట్టింపైంది. చంటిపిల్లలకి వేళకి తినిపించే మనిషి ఇంట్లో లేదు.

కాబట్టి మొదట వెళ్ళి వాళ్ళ వంటింట్లో కూర్చో. నేల మీద పన్నెండు గళ్ళు గీయించు, నెలకొకటి. ఏ నెలలో ఇంటి గింజలు తింటారు, ఏ నెలలో కొంటారు, ఏ నెలలో చేబదులు తెస్తారు, ఎప్పుడు ఒక పూట మానేస్తారు, ఇవన్నీ గులకరాళ్ళు పెట్టి చూపించమను. ఆడవాళ్ళని, మగవాళ్ళని విడివిడిగా అడుగు. రెండు లెక్కలూ కలవవు. ఎందుకు కలవలేదో అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఆహార భద్రతకి, అంటే అందరికీ సరిపడా తిండి అందడానికి, పెద్ద నిర్వచనమే ఇచ్చింది. అందులో నా పనికి ఎక్కువ అక్కరకొచ్చిన మాట 'ఎల్లవేళలా' అన్నది. ఏడాది మొత్తం మీద చూస్తే సరిపోయినట్టు కనిపించే ఇంట్లో కూడా, కోతలకి ముందు గాదె అడుగంటే నెలలుంటాయి. నువ్వు వేయించే పంట ఆ నెలల్లో తిండి పెట్టాలి. తొందరగా కోతకొచ్చే రకం కొంచెం, నేలలోనే ఉంచి కావలసినప్పుడు తవ్వుకోగలిగే దుంపలు కొంచెం, ఇలా వెతుకు.

ఇక కడుపు నిండినా ఒంటికి పట్టేది తినడం లేదేమో చూడాలి. దీనికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాడే కొలత ఒకటుంది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలు నిన్న పగలూ రాత్రీ ఏమేం తిన్నారో అడిగి, పది రకాల ఆహారాల్లో కనీసం ఐదు తిన్నవాళ్ళు ఎంతమందో లెక్కేస్తారు. ఇది ఊరి పరిస్థితి తెలుసుకోవడానికే, ఒక్కో మనిషికి మార్కులు వేయడానికి కాదు. చాలాచోట్ల పప్పులు, ముదురాకుపచ్చ ఆకుకూరలు, గుడ్ల దగ్గరే ఖాళీలు కనిపిస్తాయి.

అందుకే నాకు పప్పుజాతి పంటలంటే పక్షపాతం. ధాన్యం సాళ్ళ మధ్య అవి వేస్తే తిండికి మాంసకృత్తులు వస్తాయి, నేలకీ ఎంతో కొంత నత్రజని చేరుతుంది. రైతుకి ఈ మాట చెప్పి ఊరుకోకు, చూపించు. పూత సమయంలో ఒక మొక్కని వేళ్ళు తెగకుండా తవ్వి తీసి, వేళ్ళ మీది బుడిపెల్ని గోటితో చీల్చు. లోపల ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఏదో లోపం ఉంది. నా ఉపన్యాసాల కంటే ఈ ఒక్క మొక్కే ఎక్కువమందిని ఒప్పించింది.

నేల మరీ గట్టిపడిపోయిందని రాశావు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశపు రైతు యాకూబా సావాడోగో చేసిన పని నీకు తెలియాలి. 1980ల కరువు రోజుల్లో, తమ పెద్దలు తవ్వే చిన్న గుంటలనే ఆయన ఇంకాస్త వెడల్పుగా, లోతుగా తవ్వి, వానలకి ముందే వాటిలో పశువుల ఎరువు వేశాడు. ఎరువు కోసం వచ్చిన చెదపురుగులు నేలని తొలిచాయి, ఆ దారుల్లో వాననీరు ఇంకింది. బండలా ఉన్న నేలలో పంట పండింది. నువ్వూ అక్కడ గుంటలే తవ్వించమని కాదు. మీ ఊరి పెద్దలు ఇదివరకు ఏం చేసేవారో అడిగి, దాన్నే బాగుచేయి.

పెరటి తోట పెట్టించేటప్పుడు ముందు నీళ్ళెంత దూరమో, ఎవరు మోయాలో చూడు. మా మొదటి తోటలన్నీ ఎండిపోయింది అక్కడే. గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట నాలుగు మడులు చాలు. కోళ్ళు పెంచితే, పాకే పిల్లలు తిరిగే చోటికి వాటిని రానివ్వొద్దు. రెట్ట నోట్లోకి వెళ్ళి విరేచనాలు పట్టుకుంటే తిన్న గుడ్డు వల్ల లాభమేముంది?

గింజలు దాచడం గురించి నువ్వు ఒక్క ముక్కా అడగలేదు. అందరూ మరిచేది ఇదే. పొడి గాజు సీసాలో మూడోవంతు గింజలు పోసి, ఒక చెంచా పొడి ఉప్పు వేసి బాగా కుదిపి, పావుగంట ఆగు. ఉప్పు సీసా గోడలకి అంటుకుంటే గింజల్లో ఇంకా తేమ ఎక్కువున్నట్టు, మళ్ళీ ఎండబెట్టాలి. పూర్తిగా ఎండాక గాలి చొరబడని డబ్బాలో నిండుగా పోసి మూసేస్తే పురుగు ఊపిరాడక చస్తుంది, మందు అక్కర్లేదు. బూజు పట్టిన గింజలు మాత్రం వండినా మంచివి కావు. బూజు విషం వంటకి పోదు.

వంట సంగతి నీకంటే వాళ్ళకే బాగా తెలుసు. మూడే మాటలు చెప్పు. ఆకుకూరలో కాస్త నూనె పడితే అందులోని ఎ విటమిన్ ఒంటికి బాగా పడుతుంది. పుల్లటి పండు రసం తోడైతే ఇనుము బాగా అందుతుంది, భోజనంతో పాటే టీ తాగితే సరిగా అందదు. ఆరు నెలలు నిండే దాకా బిడ్డకి తల్లిపాలే చాలు.

మొదటి ఏడాది రెండు పనులకి మించి పెట్టుకోకు. మీ పైవాళ్ళు పది అడుగుతారు, ఆ టెన్షన్ నీకు తప్పదు. ఏ రెండు చేయాలో ఆ పన్నెండు గళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళనే తేల్చనీ. గళ్ళు గీసిన రోజు ఆ బొమ్మ కాగితం మీద దించి నాకు పంపు. మగవాళ్ళది, ఆడవాళ్ళది రెండూ పంపు.

మీ మావయ్య