చలిలో బాతుల వేటకి ఏ తుపాకి? మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఆఫీసు స్నేహితులతో కలిసి ఈ సీజన్‌లో మిన్నెసోటా చెరువుల మీద బాతుల వేటకి వెళ్తానంటున్నావు. వానకీ మంచుకీ తట్టుకునే పంప్ యాక్షన్ షాట్‌గన్ (ముందు పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే తర్వాతి తూటా ఎక్కే తుపాకి) ఏది కొనాలని అడిగావు. నువ్వు పంపిన వీడియోలన్నీ చూసే ఓపిక నాకు లేదు గానీ, నాకు తెలిసింది రాస్తున్నాను.

తుపాకి కంటే ముందు నీ వీసా సంగతి. నువ్వు ఇంకా హెచ్-1బి మీదే ఉన్నావు. అలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఇక్కడి ఫెడరల్ చట్టం. ఉన్న మినహాయింపుల్లో నీకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఇచ్చిన వేట లైసెన్సు, గడువు తీరనిది, నీ పేరు మీద ఉండాలి. అది లేకుండా స్నేహితుడి తుపాకి కాసేపు చేత్తో పట్టుకున్నా చిక్కే. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే షాపు. 1979 తర్వాత పుట్టినవాళ్ళు మిన్నెసోటాలో లైసెన్సు తీసుకోవాలంటే ఫైర్‌ఆర్మ్స్ సేఫ్టీ సర్టిఫికెట్ చూపించాలి. ఆ కోర్సు మొక్కుబడిగా కాకుండా శ్రద్ధగా చెయ్యి. లైసెన్సు గడువు తీరిపోతే ఆ మినహాయింపూ పోతుంది, బీరువాలో పెట్టిన తుపాకి నీ మెడకు చుట్టుకుంటుంది. నీ ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా ఓ మాట అడుగు.

ఇక అసలు విషయం. చలిలో, తడిలో తూటా తనే ఎక్కించుకునే ఆటోమేటిక్ కంటే పంప్ నయమని ఎందుకంటారంటే, దాన్ని నడిపేది నీ చెయ్యి. ఆటోలో తర్వాతి తూటా ఎక్కాలంటే పేలినప్పుడు పుట్టే గ్యాస్ గానీ వెనక్కి తన్నే ఊపు గానీ సరిపోవాలి. లోపల నూనె చలికి బంకలా గట్టిపడితే ఆ బలం చాలదు. పంప్ అయితే ఇంకాస్త గట్టిగా లాగుతావు, అంతే. కొత్తవాళ్ళు సగం లాగి ముందుకు తోసేస్తారు, తూటా ఇరుక్కుంటుంది, తుపాకి పనికిరాదంటారు. చివరిదాకా లాగడం చేతికి అలవాటు కావాలి.

అందరూ చెప్పే పేరు రెమింగ్టన్ 870. 1950 నుంచి వస్తోంది, కోటికి పైగా అమ్ముడైంది. రిసీవర్, అంటే తూటా ఎక్కించే యంత్రాంగం ఉండే నడిమి పెట్టె, మొత్తం ఉక్కు. పాతకాలపు వింగ్‌మాస్టర్ దొరికితే ఆ పంప్ నూనె రాసినట్టు జారుతుంది. చవగ్గా దొరికే ఎక్స్‌ప్రెస్ రకానికి గరుకు ఫినిష్ ఉంటుంది, తడి తగిలిన రోజే తుడవకపోతే తుప్పు తొందరగా పడుతుంది. బెనెల్లి నోవా 1999లో వచ్చింది. లోపల ఉక్కు, పైన అంతా పాలిమర్ (గట్టి ప్లాస్టిక్), భుజానికి ఆనించే బట్, రిసీవర్ కలిపి ఒకటే ముక్క. బురదలో పడేసి తీసినా కడిగేసుకోవచ్చు. బరువు మాత్రం ఎనిమిది పౌన్ల దాకా ఉంటుంది.

అయితే నీది ఎడమచేతి వాటం. ఈ ముక్క వీడియోల్లో ఎవరూ చెప్పరు. 870లో పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ బటన్ ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది, కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ రిసీవర్ వెనక కొసన, పైన ఉంటుంది. ఏ చెయ్యైనా బొటనవేలు సరిగ్గా దాని మీదే పడుతుంది. ఖాళీ తూటా కుడిపక్క నుంచే ఎగురుతుంది, అంటే నీ ముఖం ముందు నుంచి పోతుంది. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అది కూడా వద్దనుకుంటే బ్రౌనింగ్ బీపీఎస్ ఉంది. దాంట్లో తూటా కింద నుంచే ఎక్కుతుంది, కింద నుంచే పడుతుంది, సేఫ్టీ కూడా పైనే. మంచి తుపాకి, కానీ బరువూ ధరా రెండూ ఎక్కువే.

షాపుకి వెళ్ళేటప్పుడు నువ్వు నవంబర్‌లో వేసుకునే మందపు గ్లవ్స్ తీసుకెళ్ళు. తుపాకి ఖాళీగా ఉందో లేదో కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమి, అప్పుడు గ్లవ్స్ తొడుక్కో. ట్రిగ్గర్ గార్డులో వేలు ఇబ్బంది లేకుండా దూరుతోందా? సేఫ్టీ తెలుస్తోందా? డమ్మీ తూటాలు అడిగి కింద నుంచి ఎక్కించి చూడు. 870లో తూటాని పైకెత్తే రేకు కిందకి దిగి ఉంటుంది, దాన్ని నెట్టుకుంటూ ఎక్కించాలి. గ్లవ్ కొస అందులో చిక్కుతుంది. మాస్‌బర్గ్‌లో ఆ రేకు పైకి లేచే ఉంటుంది, దారి ఖాళీ. షాపులో ఇది చిన్న విషయమే అనిపిస్తుంది గానీ, చీకట్లో, వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు ఇదే పెద్ద విషయం.

కాబట్టి నా ఓటు మాస్‌బర్గ్ 500కే. పన్నెండు గేజ్ (గొట్టం లావు కొలత), 28 అంగుళాల బ్యారెల్, సింథటిక్ బట్. చెక్క అందంగా ఉంటుంది గానీ తడికి ఉబ్బుతుంది. రిసీవర్ అల్యూమినియం కాబట్టి దానికి తుప్పు భయం లేదు, బ్యారెల్ ఉక్కు కాబట్టి దానికి ఉంది. మామూలు రకాల్లో సేఫ్టీ బటన్ ప్లాస్టిక్‌ది వస్తుంది, లోహంది విడిగా కొని మార్పించుకో. మూడు అంగుళాల తూటా పట్టేది చాలు. మూడున్నర అంగుళాల వాటి మోజులో పడకు, బాతుకి అంత అక్కర్లేదు, నీ భుజం మాత్రం వాచిపోతుంది.

నీటిపక్షుల వేటలో తూటా లోపలి సీసం పెల్లెట్లు (చిన్న గుండ్లు) 1991 నుంచి దేశమంతా నిషేధం. స్టీల్ లాంటి విషం కాని పెల్లెట్లే వాడాలి. స్టీల్ తేలిక, దూరం పోయేకొద్దీ వేగం తొందరగా పడిపోతుంది, అందుకే సీసంలో వాడే సైజు కంటే రెండు సైజులు పెద్దవి తీసుకుంటారు. బాతులకి 2 నంబరు గానీ 3 నంబరు గానీ సరిపోతాయి. చోక్, అంటే పెల్లెట్లు ఎంత చెదరాలో నిర్ణయించే బ్యారెల్ కొస ఇరుకు, మాడిఫైడ్ (మధ్యరకం) పెట్టు. సెకండ్ హ్యాండ్‌లో పాత తుపాకి చూస్తుంటే ఇక్కడ జాగ్రత్త: సీసం రోజుల నాటి ఫుల్ చోక్ (బాగా ఇరుకైన) బ్యారెల్‌లో స్టీల్ కాలిస్తే బ్యారెల్ పాడవుతుంది. ఇంకోటి, వలస పక్షుల వేటలో తుపాకిలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదు. తూటాలు నిలవుండే మ్యాగజీన్ గొట్టంలో అంతకు మించి పట్టకుండా ఆపే ప్లగ్ ఉందో లేదో చూసుకో. లైసెన్సు కాక పాతిక డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు (బాతుల వేటకి కొనాల్సిన అనుమతి), రాష్ట్రం స్టాంపు వేరే.

తుపాకి ఎంత మంచిదైనా దాన్ని చంపేది వేట తర్వాత మన బద్ధకమే. తడిసిన తుపాకిని స్పాంజి ఉన్న కేసులో పెట్టి జిప్ వేసి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు లోపలా బయటా చెమ్మ పడుతుంది. కేసులోంచి తీసి గది వేడికి రానిచ్చి, బ్యారెల్ ఊడదీసి, ఆరబెట్టి, తర్వాతే పల్చగా నూనె. చిక్కటి నూనె అసలు వద్దు, బోల్టు (తూటాని వెనక నుంచి మూసే ముక్క) లోపలైతే దాదాపు పొడిగానే ఉంచు. వేటలో పడ్డావంటే, లేవగానే తూటాలు తీసేసి బ్యారెల్‌లో మంచు గానీ బురద గానీ దూరిందేమో చూడు. చూడకుండా కాలిస్తే బ్యారెల్ పగిలిపోతుంది.

వాతావరణం మాట కూడా విను. 1940 నవంబర్ 11న ఇదే మిన్నెసోటాలో ఉదయం వెచ్చగా ఉందని పల్చటి బట్టలతో వెళ్ళిన బాతుల వేటగాళ్ళు మధ్యాహ్నం మంచు తుపానులో చిక్కుకున్నారు. రాష్ట్రంలో 49 మంది పోతే అందులో సగం దాకా వేటగాళ్ళే. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకు.

తుపాకికి దాదాపు అయిదు వందల డాలర్లు అవుతాయి. మిగిలిన డబ్బు ట్రాప్ క్లబ్‌లో (గాల్లోకి ఎగరేసిన బిళ్ళల్ని కాల్చే చోటు) తగలెయ్యి, రౌండుకి 25 క్లేలు (ఆ బిళ్ళలే), వేసవంతా కాల్చు. నేనూ వస్తాను, ఏ శనివారమో చెప్పు. మీ అమ్మకి మాత్రం ఈ సంగతి నువ్వే చెప్పుకో, మా అక్క కేకలు వినే వయసు కాదు నాది.

ఇట్లు
మీ మామయ్య