మేనకోడలికి: ప్రోగ్రాములను చప్పున తెరిచే ఉచిత సాధనాల గురించి

నరసాపురం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాజోలులో నీ డీటీపీ సెంటరుకు వచ్చినప్పుడు ఒక విషయం గమనించాను. పనివేళ చెప్పడం ఇష్టం లేక అప్పుడు ఊరుకున్నాను. నాలుగు మూలలా పసుపు రాసిన లగ్నపత్రిక పట్టుకుని ఒక రైతు ఎదురుగా నిలబడి ఉంటే, నీవు శుభలేఖలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ ఐకాన్ కోసం తెరంతా వెతికావు. శుభలేఖల ఫైళ్లు, స్కాన్ చేసిన ఆధార్ కార్డులు, వాటి నడుమ ఎక్కడో పేజ్‌మేకర్. అది దొరికేసరికి అర నిమిషం పట్టింది. మాఘమాసపు గిరాకీలో రోజుకు వంద సార్లు అలా వెతికితే ముప్పావు గంటకు పైగా పోతుంది. అందుకే ప్రోగ్రాములను పేరుతో పిలిచి తెరిచే ఉచిత సాధనాల గురించి, నరసాపురంలో ఇన్నేళ్లు ఇదే పని చేసిన అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా దేన్నీ డౌన్‌లోడ్ చేయవద్దు. నీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్నవాటిని వాడి చూడు. విండోస్ కీ నొక్కి పేజ్‌మేకర్ పేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, అది తెరుచుకుంటుంది. రోజూ వాడే ప్రోగ్రాములను తెర అడుగున ఉండే పట్టీకి, అంటే టాస్క్‌బార్‌కు పిన్ చేసుకుంటే (ఎప్పుడూ అక్కడే ఉండేలా పెట్టుకుంటే) విండోస్ కీతో 1 నొక్కినప్పుడు మొదటిది, 2 నొక్కినప్పుడు రెండవది, ఇలా 9 వరకు వస్తాయి. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే షార్ట్‌కట్ కీ అనే గడి ఉంటుంది. అందులో ఒక అక్షరం నొక్కి ఓకే చేస్తే, ఆ తరువాత కంట్రోల్, ఆల్ట్‌లతో కలిపి ఆ అక్షరం నొక్కినప్పుడల్లా ఆ ప్రోగ్రామ్ వస్తుంది. చాలామందికి వీటితోనే పని తీరిపోతుంది. వారం రోజులు వాడిన తరువాత కూడా చాలదనిపిస్తేనే లాంచర్ జోలికి, అంటే పేరు కొడితే ప్రోగ్రామ్ తెరిచే విడి సాధనం జోలికి వెళ్లు.

లాంచర్లలో నేను నమ్మి చెప్పగలిగినవి రెండు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో రన్ అనే సాధనం ఒకటి, ఫ్లో లాంచర్ రెండవది. రెండూ ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కితే తెర మధ్యలో ఒక పెట్టె వస్తుంది. అందులో పేరు కొట్టాలి. అక్కడే 1250*3.5 అని కొడితే లెక్క కట్టి చూపిస్తుంది కనుక, కార్డుల ధర చెప్పడానికి కాలిక్యులేటర్ తెరవనక్కరలేదు. రెండింటినీ తెరవడానికి మొదట ఉండే మీటలు ఆ ఆల్ట్, స్పేస్‌లే కాబట్టి ఒకేసారి రెండూ పెట్టుకోవద్దు. పవర్‌టాయ్స్‌తో పాటు ఇంకా చాలా పనిముట్లు వస్తాయి. నీకు అవసరం లేనివి సెట్టింగ్స్‌లో ఆపివేయి, లేకపోతే నీ పాత సిస్టమ్ మీద అనవసరంగా బరువు పడుతుంది. ఒకప్పుడు అందరం వాడిన లాంచీ అనే లాంచర్‌కు చాలా ఏళ్లుగా కొత్త కూర్పు రాలేదు, దానిని వదిలేయి.

నీకు తప్పక ఎదురయ్యే చిక్కు ఒకటుంది. యూనికోడ్‌లో పెళ్లికూతురి పేరు టైపు చేస్తున్నప్పుడు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అక్షరాల అమరికలో ఉంటుంది. అదే ఊపులో లాంచర్ తెరిచి పేజ్‌మేకర్ కోసం పి నొక్కితే పెట్టెలో జ పడుతుంది, ఏమీ దొరకదు. లాంచర్ పాడైందని కంగారు పడవద్దు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషులోకి మారి మళ్లీ కొట్టు. నాకు ఇది అర్థం కాక రెండుసార్లు లాంచర్ తీసేసి మళ్లీ పెట్టుకున్నాను.

పాత శుభలేఖ ఫైలు కోసమైతే ఎవ్రీథింగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకో. పేరులో ఒక ముక్క కొడితే హార్డ్ డిస్కు మొత్తంలో ఎక్కడున్నా కనురెప్పపాటులో చూపిస్తుంది. అది వెతికేది ఫైలు పేరునే కనుక, ఇకమీదట ప్రతి ఫైలుకు ఇంటిపేరు, ఊరు, సంవత్సరం కలిపి పేరు పెట్టు. కొత్త1, కొత్త2 అని పెడితే ఏ సాధనమూ నీకు సాయం చేయలేదు.

ఇక ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది అన్నింటికంటే ముఖ్యం, తల్లీ. ఒక పెళ్లిళ్ల సీజనులో తొందరపడి, ఏదో డౌన్‌లోడ్ సైటులో పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కి లాంచర్ దింపాను. దానితో పాటు అడగని టూల్‌బార్లు వచ్చాయి, బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయింది, అడుగడుగునా ప్రకటనలు. చివరికి సిస్టమ్ ఫార్మాట్ చేయవలసి వచ్చి, ఒక రోజంతా కార్డులు ఆగిపోయి, ఇచ్చిన మాట తప్పాను. అందుచేత పవర్‌టాయ్స్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి, మిగిలినవాటిని తయారుచేసినవారి సొంత సైటు నుంచి గాని ప్రోగ్రాములు రాసేవారు తమ కోడ్ ఉంచే గిట్‌హబ్ అనే సైటులోని రిలీజెస్ (విడుదలల) పేజీ నుంచి గాని మాత్రమే తీసుకో. ఆ పేజీలో చివరి కూర్పు తేదీ చూడు. ఏళ్ల తరబడి కదలిక లేకపోతే ముట్టుకోవద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరా చదివిన తరువాతే నెక్స్ట్ నొక్కు.

వచ్చే ఆదివారం పొద్దున్నే పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా వస్తాను. ఈలోగా రోజూ వాడే తొమ్మిది ప్రోగ్రాములేమిటో కాగితం మీద వరుసగా రాసి ఉంచు. ముందు అవి పిన్ చేద్దాం.

మీ మావయ్య