నాలుగు పెయ్య దూడలు: ఉంచుకోవాలా, అమ్ముకోవాలా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఐదు జెర్సీ క్రాస్ ఆవులు, అరెకరం పచ్చిగడ్డి ఉన్నాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల పెయ్య దూడలు నాలుగున్నాయి. వాటిలో ఒకటి కోడెదూడతో కవలగా పుట్టింది. బేరగాడు ఒక్కోదానికి 14 వేలు ఇస్తానంటున్నాడు. జూన్‌లో పాప కాలేజీ ఫీజు 30 వేలు కట్టాలి. మా ఆవిడేమో రెండేళ్లు ఓపిక పడితే ఒక్కోటి 65 వేల ఆవు అవుతుంది, అమ్మొద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ చెప్పిన 65 వేలు కాదనను. కానీ ఆ లెక్కలో మేపే ఖర్చు లేదు. ఆరు నెలల దూడ ఎదిగి, చూడి కట్టి, ఈనేసరికి సుమారు రెండేళ్లు పడుతుంది. దాణా, గడ్డి అంతా కొని పెడితే రోజుకు 60 రూపాయలు అనుకుందాం. రెండేళ్లకు 43 వేల పైమాటే. ఇప్పుడు వదులుకునే 14 వేలు, సూదులకూ మందులకూ బీమాకూ ఓ నాలుగు వేలు కలపండి. మొత్తం 61 వేలు దాటింది. ఈ ధరకు సంతలో పాలిచ్చే ఆవే వస్తుంది, రెండేళ్లు ఎదురుచూసే టెన్షన్ కూడా ఉండదు. అదే పచ్చిగడ్డి మీ చేలోదే అయి, రోజు ఖర్చు 35కు దిగితే, ఒక్కో ఆవు 43, 44 వేలకే చేతికొస్తుంది. అంటే లాభమంతా మీ అరెకరంలోనే ఉంది. ఇప్పటికే ఐదు ఆవులు తినే ఆ గడ్డి ఇంకెన్ని నోళ్లకు సరిపోతుందో మీకే బాగా తెలుసు. నాలుగింటికీ చాలుతుందని మాత్రం నేననుకోను.

ఇంకోటి చూడండి. ఒక ఆవు ఐదారు ఈతలు పాలిస్తే, ఐదు ఆవులున్న కొట్టంలోకి ఏడాదికి ఒక కొత్త ఆవు చాలు. రెండు దూడలు ఉంచుకున్నా రెండేళ్ల అవసరం తీరుతుంది.

ఏ రెండు అమ్మాలి? కవలగా పుట్టింది మొదట. కోడెదూడతో కలిసి పుట్టిన పెయ్య పదింటిలో తొమ్మిది సార్లు గొడ్డుబోతుంది, కడుపులో ఉండగానే రెండింటి రక్తం కలవడం వల్ల. దాన్ని రెండేళ్లు మేపడం అంటే డబ్బు పారబోసుకోవడమే. కొనేవాడికి ఈ సంగతి దాచకండి. ధర తగ్గితే తగ్గనివ్వండి, రేపు అదే సంతకు మళ్లీ వెళ్లాల్సింది మీరే. రెండోదాన్ని తల్లిని బట్టి తేల్చండి. ఏ ఆవు తక్కువ పాలిస్తుందో, ఏది తిరగపొర్లి (చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొచ్చి) ఏటా మిమ్మల్ని డాక్టరు చుట్టూ తిప్పుతుందో, దాని దూడను పంపేయండి. దూడ ఎర్రగా బుర్రగా ఉందని మోసపోవద్దు. ఎండలు ముదిరి గడ్డి కరువైతే అందరూ ఒకేసారి సంతకు తోలుకొస్తారు, ధర పడిపోతుంది. అంతకు ముందే అమ్మేయండి. ఫీజుకు తక్కువ పడిన కొన్ని వేలు పాల బిల్లు నుంచి నెలనెలా పక్కన పెట్టండి. అందుకోసం వడ్డీకి తేవద్దు.

ఉంచుకున్న రెండింటికి మాత్రం దాణాలో పిసినారితనం చేయకండి. నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. పాలివ్వదు కదా అని దూడకు మిగిలిన గడ్డి వేస్తారు. రోజుకు 400 గ్రాములు పెరిగే దూడ 90 కిలోల నుంచి 250 కిలోలకు 400 రోజుల్లో చేరుతుంది. క్రాస్ పెయ్యకు చూడి కట్టే సూది వేయించడానికి ఆ బరువు కావాలి. 250 గ్రాములే పెరిగితే 640 రోజులు. ఎక్కువ పట్టే ఆ ఎనిమిది నెలలూ అది ఉత్తినే తింటుంది. దాణాకు నగదు ఇబ్బందైతే పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు గురించి బ్యాంకులో అడగండి, గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. దాణాకు తీసుకున్నది దాణాకే వాడాలి, ఫీజుకు కాదు.

ఉంచుకునే రెండింటిలో ఎనిమిది నెలలు నిండనిది ఉంటే ఈ వారమే పశువైద్యశాలకు తోలుకెళ్లి చూడి పోగొట్టే బ్రూసెల్లా రోగానికి టీకా వేయించండి. పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్యే, జీవితంలో ఒక్కసారే వేస్తారు.